స్వల్పవ్యయము - సకుటుంబ యాత్ర

యాత్రకు డబ్బు చాలనప్పుడు మన ఇండ్లలో మొదట ఆగిపోవునది ముసలితల్లి. "నాకెందుకు బిడ్డా, మీరు పోయిరాండ్రి" అని ఆమెయే ముందుగా పలుకును. ఆ మాట వెనుక నున్నది అనిష్టము కాదు, బస్సు చార్జీ.

మేమీ లెక్కను తిరిగి వేసి చూచితిమి. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుండి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు ప్రయాణము ఉచితము. గుర్తింపు కార్డు చూపినచో కండక్టరు సున్నా టిక్కెట్టు ఇచ్చును. చార్జీల పట్టీలో ఇక మగవారే మిగులుదురు.

గమ్యము దూరము కానక్కరలేదు. నల్లగొండకు సుమారు 4 కిలోమీటర్ల దూరమున, కందూరు చోడుల రాజధానియైన పానగల్లు కలదు. అచటి ఛాయాసోమేశ్వరాలయపు గర్భగుడిలో స్తంభాకారపు నీడ పగలంతయు నిలిచియుండును. సూర్యుడు కదలినను తాను కదలదు. సమీపముననే పచ్చల సోమేశ్వరాలయము, పురావస్తు ప్రదర్శనశాల, ఉదయసముద్రము చెరువు చూడవచ్చును. పాలమూరు వైపువారికి అలంపురపు నవబ్రహ్మాలయములున్నవి.

సద్ది ఇంటనే కట్టుకొనవలెను. తిరుగు చార్జీని ముందుగా వేరే ముడి వేయవలెను, మిగిలినదే ఖర్చునకు. ఎండ ముదరకముందే బయలుదేరవలెను.

ఈమారు ఆ తల్లి "నాకెందుకు" అన్నచో, ఆమెకు టిక్కెట్టు ఖర్చు లేదని చెప్పి, ముందుగా ఆమెనే బస్సెక్కించుడు.