సరిహద్దును కాచేది సిపాయి ఒక్కడేనా?
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



తరతరాలుగా తమిళనాట కాపురమున్న మనకు తిరుచిరాపల్లి పరాయి ఊరు కాదు. ఆ ఊరిలో 1929లో జన్మించిన కె. సుబ్రహ్మణ్యంగారిని గురించి నాలుగు మాటలు మనవి చేస్తాము. ఆయన తుపాకి పట్టినవారు కారు. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో రసాయనశాస్త్రము చదివి, 1951లో ఐ.ఏ.ఎస్.లో చేరినవారు. అయినా దేశరక్షణను గురించి అంత లోతుగా ఆలోచించినవారు అరుదు.

1962లో చైనాతో జరిగిన యుద్ధములో మన జవానుల ధైర్యానికి లోటు లేదు. ముందుచూపుకే లోటు. ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్లయింది మన పని. 1965లో ఢిల్లీలో రక్షణ అధ్యయనానికి ప్రత్యేకంగా ఒక సంస్థ వెలిసింది. లండనులో యుద్ధనీతిని అధ్యయనం చేసి వచ్చిన సుబ్రహ్మణ్యంగారు 1968లో దానికి సంచాలకులైనారు. 1975 వరకు ఒకసారి, 1980 నుండి 1987 వరకు మరొకసారి దానిని నడిపినారు. పత్రికలలో విరివిగా వ్రాసి, రక్షణ విషయాలను సామాన్య పాఠకుని ముంగిటికి తెచ్చినారు. "ఆ గొడవ సేనానులది, మనకెందుకు?" అనేవారికి ఆయన జీవితమే జవాబు.

1999లో కార్గిల్ యుద్ధము వచ్చింది. 527 మంది వీరులు నేలకొరిగినారు. ఒడిశా మూలాలుండి హైదరాబాదులో స్థిరపడిన కుటుంబపు బిడ్డ మేజర్ పద్మపాణి ఆచార్య వారిలో ఒకరు. వలస వచ్చిన కుటుంబాలు దేశానికేమిచ్చినవో వేరే చెప్పాలా?

శత్రువు కొండలెక్కి కూర్చునేదాకా మనకెందుకు తెలియలేదో విచారించడానికి ప్రభుత్వము సుబ్రహ్మణ్యంగారి అధ్యక్షతన ఒక సంఘాన్ని వేసింది. తలా ఒకచోట దొరికిన సమాచారాన్ని ఒకచోట చేర్చి చూచే ఏర్పాటు సరిగా లేదని ఆ సంఘము తేల్చింది. కేవలము వ్యక్తులను నిందించి ఊరుకొనక, పద్ధతినే సవరించుమన్నది.

ఇక శిక్షణ సంగతి. కవాతు, గురి శిక్షణతో వస్తవి. ఎప్పుడు పోరాడాలి, ఎందుకు పోరాడాలి అనే వివేకము విద్యతోనే వస్తుంది. సైన్యాధికారులూ పౌరాధికారులూ కలిసి చదివే రక్షణ విశ్వవిద్యాలయము కావాలని ఆలోచించిన సంఘానికీ ఆయనే అధ్యక్షులు. 2013లో హర్యానాలోని బినోలాలో దానికి శంకుస్థాపన జరిగేనాటికి ఆయన లేరు. 2011లోనే కన్నుమూసినారు.

1999లో పద్మభూషణ్ ఇస్తామంటే, ప్రభుత్వోద్యోగులూ పత్రికా రచయితలూ ప్రభుత్వ బిరుదులు స్వీకరించరాదని వద్దన్నారు. ప్రశ్నించే నోరు స్వేచ్ఛగా ఉండాలి గదా!

మన పిల్లలు సైన్యములో చేరితే గర్విస్తాము. మంచిదే. ఇంట మిగిలిన మనము కూడా దేశరక్షణను గురించి చదువుదాము, తెలుసుకొందాము, అడుగుదాము. ముందుగా అడిగిన ఒక ప్రశ్న ఒక తల్లికి కడుపుకోత తప్పించవచ్చును.