ఎత్తు, వ్యవధి, పనిముట్లు

1941 డిసెంబరులో జపాన్ యుద్ధంలోకి దిగేనాటికి న్యూజిలాండ్ గడ్డ మీద ఆ దేశ వాయుసేనకు ఒక్క ఆధునిక ఫైటర్ విమానం కూడా లేదు. తీరం కాపలాకు పాతబడిన బైప్లేన్లు, కొన్ని హడ్సన్ బాంబర్లు ఉండేవి. అంతకుముందు తెప్పించుకోదలచిన 30 వెల్లింగ్టన్ బాంబర్లను 1939లోనే బ్రిటన్‌కు వదిలేసింది. శిక్షణ పొందిన పైలట్లలో ఎక్కువమంది యూరప్‌లో పోరాడుతున్నారు. చిన్న దేశం మిత్రధర్మం పాటించడానికి ఎంత మూల్యం చెల్లిస్తుందో ఈ లెక్కలోనే కనిపిస్తుంది.

ఆ స్థితిలో శత్రువుకు ఎదురు నిలిచింది సింగపూర్‌లోని కల్లాంగ్ స్థావరంలో ఉన్న న్యూజిలాండ్ 488 స్క్వాడ్రన్. నాయకుడు విల్ఫ్రెడ్ క్లౌస్టన్‌కు బ్రిటన్ యుద్ధంలో ఆరితేరిన అనుభవం ఉంది. పైలట్లలో చాలామంది మాత్రం శిక్షణ పాఠశాల నుంచి నేరుగా వచ్చినవారు. వారి చేతికొచ్చిన బ్రూస్టర్ బఫెలో ఫైటర్లు అంతకుముందు మరో స్క్వాడ్రన్ వాడి వదిలినవి. పనిముట్లు చాలవు, స్పేర్ పార్టులు దొరకవు.

బఫెలోకు అసలు చిక్కు పైకెక్కడంలో వచ్చింది. బరువెక్కువ, ఇంజన్ శక్తి తక్కువ కావడంతో తగినంత ఎత్తుకు చేరేలోపే బాంబర్లు నెత్తిమీదికి వచ్చేసేవి. జపాన్ సేన ముందుకు వస్తున్నకొద్దీ మలయాలోని హెచ్చరిక కేంద్రాలు ఒక్కొక్కటే మూతపడి, దొరికే వ్యవధి ఇంకా తగ్గిపోయింది. 1942 జనవరి 12న జరిగిన తొలి పెద్ద పోరులో ఎనిమిది బఫెలోల మీదికి దాదాపు మూడింతల ఫైటర్లు పైనుంచి విరుచుకుపడ్డాయి. రెండు బఫెలోలు కూలాయి, మిగిలినవాటిలో చాలావరకు దెబ్బతిన్నాయి. ధైర్యానికి లోటు లేదు. ఎత్తు దక్కలేదు, అంతే.

ఈ రోజు పట్టాలు అందుకుంటున్న ఇంజనీర్లు ఈ ఘట్టంలో ప్రత్యేకంగా గమనించవలసింది గ్రౌండ్ సిబ్బంది పని. బాంబులు పడుతున్నా వారు దెబ్బతిన్న విమానాల భాగాలు విప్పి మరో విమానానికి అమర్చి ఎగరేశారు. మలయాలోని కొన్ని బఫెలోలకు బరువైన 0.50 అంగుళాల తుపాకులు తీసి తేలికైన 0.303 తుపాకులు బిగించారు, ఇంధనమూ తగ్గించారు. దానితో ఎక్కే వేగం కొంత మెరుగుపడింది. 243 స్క్వాడ్రన్‌లోని న్యూజిలాండ్ పైలట్ జెఫ్రీ ఫిస్కెన్ పోరు పద్ధతినే మార్చుకున్నాడు. చురుగ్గా మలుపు తిరిగే జపాన్ విమానంతో మలుపుల్లో పోటీ పడకూడదు. వీలైతే ముందే పైకి చేరి, కిందికి దూకి కాల్చి, ఆ వేగంతోనే తప్పుకోవాలి. అవే బఫెలోలతో అతడు ఆరు విమానాలను కూల్చినట్టు నమోదైంది. అయినా సింగపూర్ నిలవలేదు. ఫిబ్రవరి 15న లొంగిపోయింది.

1943లో సాలమన్ దీవుల్లో కథ మారింది. అక్కడి న్యూజిలాండ్ ఫైటర్ కిట్టీహాక్ కూడా పైకెక్కడంలో, మలుపు తిరగడంలో జపాన్ ఫైటర్ జీరోకు సాటిరాదు. దాని బలమంతా కిందికి దూకే వేగం, గట్టి కవచం, ఆరు బరువైన తుపాకులు. అసలు తేడా విమానం చుట్టూ ఉన్న ఏర్పాటులో ఉంది. దీవుల్లో దాగిన తీర పరిశీలకులు ముందే కబురు పంపేవారు. గ్వాడల్‌కనాల్‌లో న్యూజిలాండ్ రాడార్ యూనిట్ పనిచేసేది. అమెరికన్ ఫైటర్లు పై ఎత్తు కాస్తే, కిట్టీహాక్‌లు కింద బాంబర్లకు కాపలా కాసేవి. స్పేర్ పార్టులూ అందేవి. యుద్ధం ముగిసేసరికి న్యూజిలాండ్ ఫైటర్లు పసిఫిక్‌లో 99 శత్రు విమానాలను కూల్చినట్టు లెక్క తేలింది. మొత్తం 11 విజయాలతో ఫిస్కెన్ పసిఫిక్‌లో కామన్వెల్త్ పైలట్లందరికంటే ముందు నిలిచాడు.

ఉన్న విమానానికే పదును పెట్టే ఆ అలవాటు 1980లలో మళ్లీ కనిపించింది. కాహు పథకం కింద పాత స్కైహాక్ యుద్ధ విమానాలకు ఎఫ్-16 రాడార్‌ను మార్చి అమర్చారు. 2000లో ఎఫ్-16లను తెచ్చుకునే ఒప్పందం రద్దయింది, 2001 డిసెంబరులో ఫైటర్ దళమే రద్దయింది. పైలట్లలో పలువురు విదేశీ వాయుసేనల్లో చేరారు. విమానాలను మళ్లీ కొనవచ్చుగానీ, ఒక తరం నుంచి మరో తరానికి అందవలసిన పోరు నైపుణ్యం అక్కడ తెగిపోయింది. ఇప్పుడు ఒహాకియా స్థావరం నుంచి ఎగిరే నాలుగు పోసైడన్ గస్తీ విమానాలు సముద్రంలో నౌకలను, జలాంతర్గాములను గాలిస్తాయి. ఆకాశంలో శత్రు ఫైటర్లు ఎదురైతే వాటికి రక్షణ మిత్రదేశాల నుంచే రావాలి.