ఫలితమునకు పైకము: ఫలితమన నేమి?

(ఒక గ్రంథాలయ వార్షిక సభలో చేసిన ఉపన్యాసము)



నేడు మేము ప్రసంగింపబూనిన విషయము వీనులకు విందైనది కాదు. కావ్యచర్చ జరుగవలసిన గ్రంథాలయములో మరుగుదొడ్ల మాట యేల యని కొందరు తలపవచ్చును. 1901లో కలకత్తా కాంగ్రెసునకు వెళ్ళిన గాంధీగారు అచ్చటి దొడ్ల దుస్థితిని వలంటీర్లకు చూపగా, అది తమ పని కాదనియు పాకీవారి పనియనియు వారు బదులు చెప్పిరి. ఆయన తానే చీపురు చేతబట్టెను. స్వరాజ్యము వచ్చి డెబ్బదియైదేండ్లు దాటినను ఆ వలంటీర్ల మాట మన నోటినుండి పూర్తిగ పోలేదు. కావున ఈ ప్రసంగమునకు మేము క్షమాపణ కోరము.

ప్రభుత్వములు ఇటీవల ఒక నూతన నీతి నవలంబించినవి. పని చేసెదమన్నవారికి గాక, చేసి చూపినవారికే ధనమీయవలెననుట ఆ నీతి. వినుటకిది న్యాయమే. కాగితముపై కాలువలు త్రవ్వి ఖజానా నుండి పైకము తీసికొన్న కంట్రాక్టరులను మనమెరుగుదుము. ప్రజలు పన్నుగా చెల్లించిన ప్రతి రూపాయికి ఫలమేదియని యడుగుట ప్రజాస్వామ్యమునకు భూషణము. ఆ నీతిని మేము నిరాకరింపము. ఫలితమని దేనిని లెక్కించుచున్నారు, లెక్కించువారెవరు, అంతవరకు భారము మోయువారెవరు? ఈ మూడు ప్రశ్నలే మావి.

మొదటి ప్రశ్నకు మన దేశచరిత్రయే యుత్తరము చెప్పుచున్నది. 1999లో సంపూర్ణ పారిశుద్ధ్యోద్యమము ఆరంభమైనది. బహిరంగ మలవిసర్జన మానిన గ్రామములకు బహుమతి నిచ్చు నిర్మల గ్రామ పురస్కారము 2003లో ఏర్పడినది. గ్రామములు పోటీపడి బహుమతులందుకొన్నవి. కాని 2011 జనాభా లెక్కలలో పల్లెపట్టుల నూరిండ్లకు ముప్పదియొక్క యిండ్లకు మాత్రమే మరుగుదొడ్లున్నట్లు తేలినది. శాఖలవారి పట్టికలలో అంతకంటె మిక్కిలి యెక్కువ యుండెను. కట్టినవానిలోనైనను, పరిశీలించిన వ్యక్తిగత మరుగుదొడ్లలో నూటికి ముప్పదికి పైగా పనిచేయుట లేదని కంప్ట్రోలర్, ఆడిటర్ జనరల్ 2015లో వెలువరించిన నివేదికలో వ్రాసెను. నీరులేక కొన్ని, తలుపులేక కొన్ని, గుంట నిండి కొన్ని మూలబడినవి. పిడకలకును కట్టెలకును కొట్లైనవి మరికొన్ని. ఇల్లలుకగానే పండుగ కాదను సామెత మన పల్లెపడుచులకు తెలియును. పట్టికలు వ్రాసినవారికి తెలియలేదు.

రెండవ ప్రశ్న. 2014 అక్టోబరు 2న ప్రారంభమైన స్వచ్ఛభారత ఉద్యమమునకు ప్రపంచ బ్యాంకు 2015లో 150 కోట్ల డాలర్ల ఋణము మంజూరు చేసినది. ఇటుకలను గాక, ఫలితమును స్వతంత్రులైనవారు సర్వే చేసి నిర్ధారించిన పిదపనే పైకమిత్తుమని షరతు పెట్టినది. ఆ సర్వే సకాలమున జరుగక ధనము విడుదల ఆలస్యమైనది. 2019 అక్టోబరు 2 నాటికి గ్రామీణ భారతము బహిరంగ మలవిసర్జన లేనిదైనదని ప్రకటించిరి. 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేలో మాత్రము నూరు కుటుంబములలో పందొమ్మిది ఏ మరుగుదొడ్డిని వాడుట లేదని తేలినది. జరిగిన మేలు చిన్నది కాదు; అంతకుముందు 2015-16 సర్వేలో ఆ సంఖ్య ముప్పదితొమ్మిది. మేలును కాదనుట మా ఉద్దేశము గాదు. కాని బహుమతి పొందువాడే కొలపాత్ర పట్టుకొన్నచో, అది దొంగచేతికి తాళములిచ్చినట్లగును.

మూడవ ప్రశ్న బీదవాని గుండెను తాకునది. మరుగుదొడ్డికి 12,000 రూపాయల ప్రోత్సాహకమును నిర్ణయించిరి. చాలచోట్ల అది కట్టిన పిదప, ఛాయాచిత్రము తీసిన పిదప చేతికందినది. దినకూలితో పొయ్యి వెలిగించు తల్లి ముందుగ ఇటుకలు, సిమెంటు, తాపీమేస్త్రి కూలి యెచ్చటినుండి తేగలదు? వడ్డీ వ్యాపారి గుమ్మమే గతి. కలిగినవాడు కట్టి పైకము పొందును. లేనివాడు కట్టలేక దోషియగును. కొన్నియూళ్ళలో రేషను నిలిపెదము, పింఛను నిలిపెదమని బెదిరించిరి. ఫలితము పేర ఆకలిని ఆయుధము చేయుట స్వరాజ్య ధర్మమా?

ఇంకొక మాట. గుంట నిండిన పిదప దానిలో దిగువాడెవడు? ఆ పనిని నిషేధించుచు 1993లోను 2013లోను చట్టములు చేసిరి. మురుగుకాలువలలో మరణించినవారి కుటుంబములకు పదిలక్షలీయవలెనని సుప్రీంకోర్టు 2014లో ఆజ్ఞాపించి, 2023లో దానిని ముప్పదిలక్షలు చేసినది. మరణములాగలేదు. ఖాళీచేసిన ట్యాంకుల లెక్కకే పైకమిచ్చినచో, కంట్రాక్టరు ఆ లెక్క నింపుటకు మనిషినైనను దింపును. మనిషి ప్రాణము ఫలితములో చేరనిచో ఆ ఫలితము మనకు వలదు.

మార్గము లేకపోలేదు. మహారాష్ట్రములో వాయి, సిన్నరు అను చిన్న పట్టణములు, ఇల్లిల్లు వరుసగ మూడేండ్ల కొకసారి సెప్టిక్ ట్యాంకు ఖాళీచేయు పద్ధతి నారంభించినవి. గృహస్థుడు పిలిచి అప్పటికప్పుడు రుసుము చెల్లింప నక్కరలేదు. వ్యయము పురపాలక పన్నులనుండి వచ్చును. జరిగిన పనిని బట్టి కంట్రాక్టరునకు పైకము చెల్లును. పేదయింటికిని పెద్దయింటికిని వరుస యొక్కటే. ఫలితమునకు పైకమను నీతి ఇచ్చట బీదవానిమీద గాక, సేవచేయువానిమీద పడినది. ఉండవలసిన చోటదియే.

కావున మేము కోరునది స్వల్పము. పేదయింటికి ధనము ముందుగ నీయవలెను. షరతు కంట్రాక్టరునకును శాఖకును పెట్టవలెను. కంట్రాక్టరునకీయవలసిన దానిలో కొంత నిలిపి, దొడ్డి వాడుకలోనున్నదని మూడేండ్లు చూచి పిదప చెల్లింపవలెను. లెక్క గ్రామసభ యెదుట చదువవలెను. ఇది గొంతెమ్మకోరిక కాదు. ఉపాధిహామీ పనులకు 2006 నుండి సామాజిక తనిఖీ నడిపి దేశమునకు దారి చూపినది మన ఆంధ్రదేశమే. ఆ తనిఖీ మస్టరు రోలునకు చెల్లినప్పుడు మరుగుదొడ్డికేల చెల్లదు? ఒక్క మనిషిని గుంటలో దింపినను ఆ కంట్రాక్టునకు ఒక్క పైసయు చెల్లింపరాదు.

సోదరులారా! ఈ మందిరమునుండి యింటికి పోవునప్పుడు మీ వీధిచివరి పేటను ఒకసారి చూచి పొండు. అచ్చటి తల్లి చీకటిపడువరకు కాచుకొనుచున్నదా, లేదా? ఏ సర్వేయు చెప్పజాలని ఫలితమది. దానిని మీరే లెక్కించి, పురపాలక సభలో ఎలుగెత్తి చదువుడు.