అలలు – ఆవాసములు



చౌటుప్పల్ పరిసరములలో నీటి మాట వచ్చినచో అడుగంటిన బావులు, ఎండిన చెరువులు జ్ఞప్తికి వచ్చును గాని సముద్రము రాదు. అది ఇచటికి రెండు వందల కిలోమీటర్లకు పైబడిన దూరమున ఉన్నది. అయినను ఈ మండలములోని కొయ్యలగూడెము మగ్గములకును, కాకినాడ చేరువనున్న ఉప్పాడ మగ్గములకును వృత్తిబంధుత్వము కలదు. ఇచట నూలుకు ముందుగా ముడులు వేసి రంగులద్దుదురు. అచట నేయుచునే జాందానీ పువ్వులను తేల్చుదురు.

ఆ ఉప్పాడ తీరమును సముద్రము కొన్ని దశాబ్దులుగా కోసివేయుచున్నది. ఇండ్లు పోయినవి, కాకినాడకు పోవు తీరమార్గము తుఫానులకు పలుమార్లు తెగినది. 1901 నుండి 2018 వరకు ప్రపంచ సముద్రమట్టము సగటున సుమారు 20 సెంటీమీటర్లు పెరిగినది. నేరమంతయు దానిదే కాదు. నదులు తేవలసిన ఒండ్రును ఆనకట్టలు ఆపుచున్నవి. ఒడ్డు వెంబడి సాగు ఇసుక చోటు మారుచున్నది. పోయిన ఇసుకకు బదులు రానప్పుడు తీరము వెనుకకు జరుగును.

అచటివారు ఏమి చేసిరి? రాళ్లు పోసిరి, ఇసుక బస్తాలు పేర్చిరి. 2010 ప్రాంతమున జియోట్యూబులతో గోడ వెలసినది. మన నేతగాండ్రకు వింతగా తోచవచ్చును: అవి గట్టి కృత్రిమ దారపు గుడ్డతో చేసి, ఇసుక నింపిన పొడవైన గొట్టములు. కెరటముల తాకిడికి అవియు దెబ్బతినినవి. గోడ తన వెనుకనున్న ఇంటిని కాపాడవచ్చును గాని ముందున్న ఇసుకను నిలుపలేదు. పొరుగు పల్లెకు కోతను పెంచవచ్చును కూడ.

“అట్లయిన లోపలికి తరలిపోరాదా?” అని మనము సులువుగా అందుము. నేతగాడు మగ్గము విప్పుకొని మరియొక ఊర నిలుపుకొనగలడు. జాలరికి పడవ నిలుపుటకు, వల ఆరవేయుటకు, చేపలు అమ్ముటకు ఒడ్డే కావలెను. రాత్రివేళ గాలి తిరిగినచో పరుగున పోయి పడవను పైకి లాగవలెను. ఇల్లు దూరమైన కొలది బ్రతుకుతెరువు దూరమగును.

నాగార్జునసాగరము క్రింద ఊళ్లు మునిగినప్పుడు నల్లగొండ సీమలో ఎందరో ఇల్లు విడిచిరి. ఇంటికి బదులు ఇల్లు దొరికినంతనే బ్రతుకు దొరకదని ఈ సీమకు తెలియును. కావున ఉప్పాడవారికి స్థలము చూపునపుడు, అచటినుండి పడవల రేవు ఎంత దూరమో మొదట వారినే అడుగవలెను. గోడ ఎత్తు ఎంతయన్నది ఆ తరువాతి లెక్క.