పద్దు రాసే చెయ్యి మనదెప్పుడు?

(దళిత విద్యార్థులు, సంఘ కార్యకర్తల సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

డాక్టరు చదువు గురించీ, ఇంజనీరు చదువు గురించీ మనకు చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. మేం జమాఖర్చుల చదువు గురించి నాలుగు మాటలు చెప్పదలిచాం. ఊళ్లో ఆడిటరు అంటారే, బోర్డు మీద సి.ఎ. అని రాసుకుంటారే, ఆ చదువు.

మనకూ పద్దుకూ సంబంధం కొత్తది కాదు. పాలేరుతనం చేసిన తాత అప్పు దొర చిట్టాలో ఉండేది. ఎంత తీసుకున్నాడో, ఎంత కట్టాడో, వడ్డీ ఎలా పెరిగిందో తాతకు తెలీదు. దొర చదివిందే లెక్క. వేలిముద్ర మనది, పుస్తకం వాళ్లది. ఏ చెక్క ఎవరి పేరున ఉందో కరణం దస్త్రంలో ఉండేది. వెట్టిని రద్దు చేస్తూ 1976లో చట్టం వచ్చింది. 1984లో మన రాష్ట్రంలో కరణాలు పోయారు. మనుషులు మారారు గానీ లెక్క చదివే విద్య మాత్రం మన వాడలోకి ఇంకా సరిగా రాలేదు.

బాబాసాహెబ్ అంటే రాజ్యాంగం అని పిల్లలు చెప్తారు. నిజమే. కానీ ఆయన మొదట చదివింది అర్థశాస్త్రం. 1923లో లండన్‌లో డాక్టరేటు తీసుకున్నది రూపాయి సమస్య మీద. 1925లో అచ్చయిన ఇంకో పుస్తకం బ్రిటిష్ ఇండియాలో రాష్ట్రాల ఆదాయ వ్యయాల మీద. డబ్బు ఎక్కణ్ణుంచి వస్తోంది, ఎటు పోతోంది అని లెక్క తీసినవాడు మన నాయకుడు. ఆ దారిలో మనం ఎందరం నడుస్తున్నాం?

సి.ఎ. చదువుకు మూడు మెట్ల పరీక్షలున్నాయి. ఫౌండేషన్, ఇంటర్మీడియట్, ఫైనల్. పరీక్షలో నెంబరే ఉంటుంది, కులం కనబడదు. అయితే పరీక్షలొక్కటే చాలవు. ప్రాక్టీసులో ఉన్న ఒక సి.ఎ. దగ్గర ఆర్టికల్స్ చెయ్యాలి. ఇదివరకు మూడేళ్లు, 2023 జూలై నుంచి కొత్త పద్ధతిలో రెండేళ్లు. ఆ ఆఫీసు తలుపు దగ్గరే మన పిల్లలకు ఇబ్బంది. "ఎవరి తాలూకు? ఎవరు పంపారు?" అని అడుగుతారు. మేనమామ ఆడిటరైతే ఒక్క మాటతో సీటు దొరుకుతుంది. మన వాడలో ఆడిటరు మేనమామ ఎవరికున్నాడు? ప్రైవేటు ఆఫీసులో ఆ సీటుకు రిజర్వేషనూ లేదు. కాబట్టి ఈ విద్యలో ముందు నడిచినవాడి చెయ్యి దొరకడమే సగం చదువు.

ఈ తలుపు మన ఒక్కరికే మూసుకోలేదు. మహాత్మా ఫూలే 1873లో గులాంగిరి రాసి, బానిసత్వాన్ని తీసేసిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చారు. ఆ దేశంలో నల్లవాళ్లు ఈ తలుపు ఎలా తెరిచారో వినండి. అక్కడా సీనియరు దగ్గర అనుభవం ఉంటేనే చాలా రాష్ట్రాల్లో అకౌంటెంటు లైసెన్సు ఇచ్చేవారు. తెల్ల సీనియర్లు నల్లవాణ్ణి చేర్చుకునేవారు కాదు. జాన్ క్రామ్‌వెల్ అనే ఆయన వాషింగ్టన్‌లో మాలాగే బడిపంతులు. ఆ అనుభవం అడగని న్యూ హాంప్‌షైర్ అనే దూరపు రాష్ట్రానికి పోయి, 1921లో లైసెన్సు పొందిన మొదటి నల్లవాడయ్యాడు. షికాగోలో ఆర్థర్ విల్సన్ 1923లో రెండోవాడు. ఆయన నల్లవాళ్ల బ్యాంకులో పెద్ద ఉద్యోగి. ఆ బ్యాంకులో ఆయనకు సహాయకురాలిగా పనిచేస్తూ పని నేర్చుకున్నది మేరీ వాషింగ్టన్. 1943లో లైసెన్సు పొందిన మొదటి నల్లజాతి స్త్రీ ఆమె. అంతకుముందే, 1939లో, తన ఇంటి కింది గదిలో ఆఫీసు పెట్టింది. ఎక్కడా చోటు దొరకని నల్ల పిల్లలు వేరే రాష్ట్రాల నుంచి కూడా వచ్చి ఆమె దగ్గర అనుభవం సంపాదించారు. విల్సన్ ఒకరికి నేర్పితే, ఆమె ఎందరికో నేర్పింది.

ఇప్పుడు పిల్లలకు చెప్తున్నాం. పెద్దల దగ్గర నేర్చుకోవడం ఎలా?

ఒకటి, ఒక్కరినే పట్టుకుని కూర్చోవద్దు. ప్రాక్టీసు చేసే ఆడిటరు ఒకరు. ట్రెజరీలోనో బ్యాంకులోనో ఉన్న మన అన్నో అక్కో ఒకరు. మీకంటే రెండేళ్లు ముందు అదే పరీక్ష రాసినవాళ్లు ఒకరు. ఈ మూడో మనిషి ఏ పుస్తకం చదవాలో, గది అద్దె ఎక్కడ తక్కువో కూడా చెప్తాడు.

రెండు, "నన్ను పైకి తీసుకురండి సార్" అని అడిగితే పెద్దాయన ఏం చేస్తాడు? పని చూపించి అడగండి. "క్యాష్ బుక్కులో ఒక నిల్వ ఉంది, బ్యాంకు పాసుబుక్కులో ఇంకో నిల్వ ఉంది, ఎందుకు సార్?" అని అడగండి. మనం ఇచ్చిన చెక్కు అవతలివాడు ఇంకా బ్యాంకులో వెయ్యలేదేమో, బ్యాంకువాళ్లు చార్జీలు కోసుకున్నారేమో. అలా ఒక్క తేడా విప్పితే నెల పాఠం వస్తుంది. విన్నది రాత్రికి నోటుబుక్కులో ఎక్కించండి.

మూడు, ఆయన సంతకం పెట్టేటప్పుడు కన్నా పెట్టనప్పుడు చూడండి. వోచరు లేని ఖర్చు ముందు పెన్ను మూత పెట్టేసేవాడే నేర్చుకోదగ్గ పెద్దమనిషి. రెండేళ్లూ టీలు తెప్పించి, ఫైళ్లు మోయించి పంపేవాడి దగ్గర ఉండిపోవద్దు. 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ వ్యక్తిపూజ గురించి హెచ్చరించారు. పెద్దల దగ్గర పని నేర్చుకోండి, పూజలొద్దు.

ఈ విద్య పట్నంలో జీతానికే అనుకోవద్దు. ఉపాధి హామీ పనుల్లో 2006 నుంచి సామాజిక తనిఖీలు జరిగినప్పుడు కూలీల ఇళ్ల పిల్లలే మస్టర్లు చదివి వినిపించారు. పని చెయ్యని పేర్లు, చచ్చినవాళ్ల పేర్లు గ్రామసభలో బయటపడ్డాయి. అదీ పద్దు చదవడంలో ఉన్న బలం. 2013లో కొట్లాడి సబ్‌ప్లాన్ చట్టం తెచ్చుకున్నాం. ఆ పేరుతో కేటాయించిన డబ్బు ఎంత, ఖర్చయింది ఎంత, ఎటు మళ్లింది అని కాగితం ముందేసుకుని అడగాలంటే మనకు మన ఆడిటర్లు కావాలి. లేకపోతే వాళ్లు చదివిందే మళ్లీ లెక్క అవుతుంది.

చివరిగా, ఉద్యోగాల్లో ఉన్న అన్నలకూ అక్కలకూ ఒక మాట. కులం తెలిస్తే ఆఫీసులో చూపు మారుతుందని మీరు మౌనంగా ఉంటున్నారు. ఆ బాధ మాకూ తెలుసు. సభకు రాకపోయినా ఫర్వాలేదు. ఏడాదికి ఇద్దరు పిల్లలకు ఆదివారం పూట రెండు గంటలివ్వండి. తెలిసిన ఆడిటరుకు ఒక ఉత్తరం రాసివ్వండి. ఊళ్లో "ఎవరు పంపారు?" అని అడిగితే పిల్లాడు చెప్పుకోడానికి ఒక పేరుండాలి, అది మీ పేరు కావాలి.

సంఘాల కార్యకర్తలు ఈ నెలలోనే మండలానికొక జాబితా రాయండి. ఒక పక్క లెక్కల పని తెలిసిన పెద్దలు, ఇంకో పక్క ఇంటరు, డిగ్రీ కామర్సు చదివే పిల్లలు. ఇద్దరినీ కలపండి. బడిపంతుళ్లం మేం ఆ పిల్లల్ని వెతికి తెస్తాం.

జై భీమ్!