గోప్యతా హక్కు - అమెరికా న్యాయపండితుల వ్యాసములు



శాసనము చేయువాడు రాజు. దానిని నడపువాడు న్యాయాధిపతి. ఈ రెండధికారములలో ఏ ఒక్కటియు లేని పండితుని వ్రాత ధర్మనిర్ణయమున కెంతవరకు అక్కరకు వచ్చును? ఈ ప్రశ్నకు భారతదేశమున ఏనాడో సమాధానము దొరకినది. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షర ఒక వ్యాఖ్య మాత్రమే. దానిని ఏ శాసనసభయు ఆమోదింపలేదు. అయినను వంగదేశము తక్క తక్కిన దేశమున పెక్కుచోట్ల ఆస్తి పంపకపు తగవులు శతాబ్దముల తరబడి దానిని బట్టియే తీరుచు వచ్చినవి. మూలఘటిక కేతన దానినే తెలుగు పద్యములలో విజ్ఞానేశ్వరీయముగా రచించెను. అమెరికా దేశమున నేటికిని ఇట్టి కార్యమే వేరొక రూపమున జరుగుచున్నది. ఆ తీరెట్టిదో, దానివలన సామాన్యుని ఇంటికి కలిగిన రక్ష యేమో విచారించుటయే ఈ ఉపన్యాస విషయము.

అమెరికాలోని న్యాయ కళాశాలలు తమ తమ పత్రికలను ప్రకటించుచున్నవి. హార్వర్డు విశ్వవిద్యాలయపు న్యాయపత్రిక 1887లో పుట్టినది. వింత యేమనగా, ఈ పత్రికలలో పెక్కింటికి సంపాదకులు ఆచార్యులు కారు, విద్యార్థులు! ఆచార్యుని వ్యాసమును శిష్యులు పరిశీలించి, వాక్యవాక్యమునకును ఆధారము చూపుమని అడుగుదురు. అందు వెలువడిన వ్యాసమునకు కోర్టు కట్టుబడవలెనను నియమము లేదు. న్యాయమూర్తికి ఉచితమని తోచినచో తీర్పులో ఉదాహరించును, తోచనిచో విడిచివేయును. కావున దాని బలమంతయు యుక్తిబలమే.

1890 డిసెంబరులో ఆ హార్వర్డు పత్రికయందు సామ్యూల్ వారెన్, లూయీ బ్రాండైస్ అను ఇరువురు బోస్టను న్యాయవాదులు గోప్యతా హక్కును గూర్చి ఒక వ్యాసమును ప్రకటించిరి. అంతకు రెండేండ్లకు ముందే కొడక్ కెమెరా బజారులోనికి వచ్చియుండెను. బొమ్మ తీయించుకొనుటకు కదలక మెదలక కూర్చుండవలసిన కాలము పోయి, వీధిలో నడచువాని బొమ్మను వానికి తెలియకుండ తీయగల కాలము వచ్చినది. వార్తాపత్రికలు ఇంటిగుట్టును వీధికెక్కించి అమ్ముకొనుచుండెను. అందు దొంగిలింపబడిన సొత్తు లేదు. తగిలిన దెబ్బ లేదు. చెప్పినది అబద్ధమును కాదు. ఇక ఏ తప్పు మోపవలెను? పాత న్యాయము ఆస్తికిని, దేహమునకును, పరువునకును కావలి కాచినది గాని మనశ్శాంతికి కాయలేదు. మనుష్యుని వాని మానాన వానిని ఉండనిచ్చుట దయ కాదు, హక్కు అని ఆ ఇరువురును వాదించిరి.

సిద్ధాంతము వెంటనే గెలువలేదు. న్యూయార్కు రాష్ట్రమున అబిగేల్ రాబర్సన్ అను యువతి చిత్రమును ఆమె అనుమతి లేకయే గోధుమపిండి ప్రకటనకై 25,000 ప్రతులు అచ్చువేసి అంగళ్లలో అంటించిరి. అట్టి హక్కు న్యాయమున కానరాదని ఆ రాష్ట్రపు ఉన్నత న్యాయపీఠము 1902లో నలుగురు ముగ్గురుగా చీలి తీర్పు చెప్పెను. ప్రజలు కోపించిరి. మరుసటి యేటనే శాసనసభ అట్టి వాడుకను నిషేధించుచు చట్టము చేసెను. 1905లో జార్జియా రాష్ట్ర సర్వోన్నత న్యాయస్థానము ఆ హక్కును సూటిగా అంగీకరించెను. 1960లో ప్రాసర్ అను ఆచార్యుడు అప్పటివరకు వెలువడిన తీర్పులను వడపోసి, ఏకాంతమున చొరబడుట, గుట్టు బయటపెట్టుట, లేని రంగు పులిమి చూపుట, పేరునో రూపునో స్వలాభమునకు వాడుకొనుట అని ఈ యపచారమును నాలుగు విధములుగా విభజించెను.

పొరుగువాని చూపును అరికట్టుట ఒకయెత్తు. ప్రభుత్వపు చూపును అరికట్టుట వేరొకయెత్తు. వ్యాసకర్తలలో ఒకడైన బ్రాండైస్ 1916లో అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయ్యెను. 1928లో ఓమ్‌స్టెడ్ అనువాని వ్యాజ్యము ఆ కోర్టుకు వచ్చెను. మద్యనిషేధము అమలులో నున్న దినములవి. దొంగసారా వర్తకుని పట్టుకొనుటకై ప్రభుత్వోద్యోగులు వాని ఇంటిలో కాలు పెట్టకయే, వెలుపలి టెలిఫోను తీగలకు తమ తీగలు తగిలించి మాసముల తరబడి మాటలు వినిరి. అకారణపు సోదాలను 1791 నాటి నాలుగవ రాజ్యాంగ సవరణము నిషేధించుచున్నది. అయినను గడప దాటలేదు గనుక సోదా జరుగలేదని ఐదుగురు న్యాయమూర్తులు తేల్చిరి. బ్రాండైస్ వారితో విభేదించెను. తలుపు పగులగొట్టుటయా, తీగ తగిలించుటయా అనునది ముఖ్యము కాదనియు, శాస్త్రము ముందుముందు ఇంతకంటె సూక్ష్మమైన సాధనములను ప్రభుత్వము చేతి కీయగలదనియు హెచ్చరించెను. 39 ఏండ్లు గడచిన పిమ్మట, 1967లో, కాట్జ్ వ్యాజ్యమునందు ఆ కోర్టు తన పాత మార్గమును విడిచి, రాజ్యాంగరక్ష గోడలకు గాదు, మనుష్యులకే యని అంగీకరించెను.

నేటి తగవు ఇంకొక మెట్టు పైది. తన వివరములను తానై బ్యాంకుకో టెలిఫోను కంపెనీకో ఇచ్చినవాడు వానిపై గోప్యత కోరరాదని 1976లోను, 1979లోను ఆ కోర్టు చెప్పియుండెను. ఈ సూత్రముపై పండితులు రెండు పక్షములైరి. కంపెనీల కడ చేరిన సమాచారమంతయు ప్రభుత్వమునకు తెరచియుంచినచో మనుష్యునికి మిగులునదేమియని డేనియల్ సొలోవ్ 2002లో వాదించెను. సూత్రమును తీసివేసినచో నేరస్థుడు కంపెనీల చాటున దాగి తప్పించుకొనునని ఓరిన్ కెర్ 2009లో దానిని సమర్థించెను. రెండు వాదములును త్రోసిపుచ్చదగినవి కావు. దొంగ దొరకవలెను, దొర కానివాడు బ్రతుకవలెను. 2018లో కార్పెంటర్ వ్యాజ్యమున, ఒకని సెల్‌ఫోను 127 దినములు ఎచ్చటెచ్చట తిరిగినదో తెలుపు పట్టికను పోలీసులు వారంటు లేకయే తెప్పించిరి. అది తప్పని ఐదుగురు న్యాయమూర్తులు ఒకవైపునను, కాదని నలుగురు మరియొకవైపునను నిలిచిరి. బ్యాంకు లెక్కలను గూర్చిన పాత సూత్రము మాత్రము చెక్కుచెదరలేదు.

పండితుని వ్రాత ఎల్లప్పుడును హక్కులను పెంచునని తలపరాదు. గోప్యతను ఆధారము చేసికొని 1973లో ఆ కోర్టు గర్భస్రావ హక్కును అంగీకరించెను. గర్భస్రావ చట్టములు సడలవలెనని కోరినవాడే యైన జాన్ హార్ట్ ఈలీ అను ఆచార్యుడు, ఆ తీర్పునకు రాజ్యాంగమున ఆధారము లేదని ఆ యేటనే వ్రాసెను. 2022లో ఆ కోర్టు తన 1973 నాటి తీర్పును రద్దుచేయుచు ఆయన విమర్శనుకూడ ఉదాహరించెను. ఆ రద్దు మేలో కీడో అని అమెరికా నేటికిని రెండుగా చీలియున్నది. కాని తనకు నచ్చిన ఫలితమునకు కూడ నచ్చని హేతువును ఒప్పుకొనకుండుట పండితధర్మమని దానివలన తెలియుచున్నది.

ఈ ఆలోచన సముద్రము దాటి భారతదేశమునకును వచ్చినది. ఉత్తరప్రదేశమున ఖరక్ సింగ్ అనువానిపై దోపిడీ నేరమునకు సాక్ష్యము లేక విడిచిపుచ్చిరి. అయినను పోలీసులు హిస్టరీ షీటు తెరచి, నడిరేయి తలుపు తట్టి లేపుచు కాపలా కాసిరి. రాత్రివేళ ఇల్లు చొచ్చుట చెల్లదని 1962 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పినను, గోప్యత రాజ్యాంగమిచ్చిన హక్కు కాదని అధికసంఖ్యాకులు పలికిరి. రాజమహేంద్రవరమున జన్మించి, 1954లో ఆంధ్ర హైకోర్టు తొలి ప్రధాన న్యాయమూర్తియైన కోకా సుబ్బారావుగారు జస్టిస్ షాగారితో కూడి విభేదించిరి. గోప్యత వ్యక్తిస్వేచ్ఛలో అంతర్భాగమనియు, నీడవలె వెంబడింపబడువాడు స్వతంత్రుడు కాడనియు వారి ఆశయము. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి వ్యాజ్యమున తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగా గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించిరి. అందు 1890 నాటి బోస్టను వ్యాసమును స్మరించిరి. సుబ్బారావుగారి మాటయే సరియైనదనిరి. ఓడిన మాట అర్ధశతాబ్ది గ్రంథములలో నిదురించి, మేల్కొని గెలిచినది. గ్రంథములను భద్రపరచుట ఎందులకని అడుగువారికి ఇంతకంటె సమాధానము లేదు.

ఈ విషయము గ్రంథాలయములను నేరుగా తాకినది కూడ. 2001లో అమెరికాలో చేసిన పేట్రియట్ చట్టపు 215వ సెక్షను, ఎవరు ఏ గ్రంథము చదివిరో తెలుపు పట్టికలను సైతము రహస్యముగా తెప్పించుకొనుటకు వీలు కలిగించెను. అచటి గ్రంథాలయ సంఘము గట్టిగా ప్రతిఘటించెను. 2020 మార్చిలో ఆ సెక్షనుకు కాలము చెల్లినది.

రజతోత్సవము జరుపుకొనుచున్న ఈ గ్రంథాలయమునందును అట్టి చిట్టా యొకటి కలదు. రోగి వైద్యగ్రంథమును, అప్పులపాలైనవాడు చట్టపు పుస్తకమును, కోడలు తన యిష్టమైన నవలను కొనిపోయినట్లు అందు వ్రాయబడియుండును. ఆ చిట్టా పుస్తకములకు కాపలా గాని, చదువరులకు కాపలా కాదు. పుస్తకము తిరిగి చేరిన పిమ్మట, చదువరి సమ్మతి లేనిదే ఆ పద్దును న్యాయస్థానపు ఉత్తరువునకు తప్ప వేరెవ్వరికిని చూపరాదని కార్యవర్గము ఈ యుత్సవ సందర్భమున తీర్మానించుట ఉచితము. బోస్టనులో మొదలైన వాదము ఈ గ్రామమున ఒక చిట్టా పుటలో ఆచరణకు వచ్చినచో, ఆ పండితుల శ్రమ ఇచటికిని చేరినట్లే.

స్వస్తి.