మిలిటరీ మావయ్యగారు నేర్పిన పద్ధతి
(మండల సమాఖ్య మహాజన సభలో చేసిన ప్రసంగం)



నేను పదో తరగతి వరకే చదివాను. పెద్ద పెద్ద ప్రసంగాలు రావు. ఈ సంవత్సరం మా ఊళ్లో కాలం చేసిన ఒక పెద్దాయన గురించి నాలుగు మాటలు చెప్పి రమ్మని మా గ్రామ సంఘం నన్ను పంపింది. ఆయన నాకు పెదమావయ్యగారు. ఊరందరికీ మిలిటరీ మావయ్యగారు.

మన తాడేపల్లిగూడెం వైపు మిలిటరీ కొత్త కాదండి. మాధవరాన్ని మిలిటరీ మాధవరం అనే పిలుస్తాం. మొదటి ప్రపంచ యుద్ధానికి ఆ ఒక్క ఊరి నుంచి 90 మంది, రెండో యుద్ధానికి వెయ్యి మందికి పైగా వెళ్లారు. వెళ్లినవాళ్ల గురించి అందరూ చెప్పుకుంటారు. ఇంటి దగ్గర పిల్లల్ని, పొలాన్ని, అప్పుల్ని చూసుకున్న ఆడవాళ్ల గురించి ఎవరు రాశారమ్మా అని మావయ్యగారు అడుగుతుండేవారు.

ఆయన 1967లో చేరారు. సికింద్రాబాదులో ఇ.ఎం.ఇ. సెంటర్లో మెకానిక్కు ట్రైనింగు అయ్యారు. 1971 యుద్ధం అప్పుడు సర్వీసులోనే ఉన్నారు. యుద్ధం కథలు చెప్పండి మావయ్యగారూ అంటే, "నేను బళ్లు బాగుచేసినోణ్ణమ్మా, బండి కదలకపోతే తుపాకీ ఏం చేస్తాది" అని నవ్వేసేవారు. 1991లో హవల్దారుగా రిటైరై వచ్చారు.

ఆ 24 ఏళ్లూ మా పెద్దత్తయ్యగారు ఊళ్లోనే ఉన్నారు. ఆవిడ చదివింది మూడో తరగతి. ప్రతి నెలా మనియార్డరు వచ్చేది, దాంతోపాటు ఉత్తరం వచ్చేది. జవాబు 56 ఏ.పి.ఓ. అనే అడ్రసుకి వెయ్యాలి. మావయ్యగారు ఒకటే షరతు పెట్టారంట. "నాకు ఉత్తరం ఇంకెవరిచేతా రాయించకు. తప్పులున్నా నువ్వే రాయి. డబ్బు దేనికెంత అయ్యిందో కూడా రాయి." మొదట్లో నాలుగు ముక్కలు రాయడానికి రెండ్రోజులు పట్టేదంట ఆవిడకి. తర్వాత తర్వాత ఇంటి జమాఖర్చంతా ఆ ఉత్తరాల్లోనే నడిచింది. ఇద్దరాడపిల్లల్ని డిగ్రీ వరకూ చదివించింది ఆ లెక్కల మీదే.

రిటైరయ్యాక ఆయన ఒక బ్యాంకులో గార్డుగా చేశారు. మా అత్తగారి తరంలో డ్వాక్రా గ్రూపు పెట్టి రోజుకి రూపాయి పొదుపు మొదలెడితే, పుస్తకాలు రాయడానికి ఎవరూ లేక ఆయన్నే అడిగారు. సరేనన్నారు గానీ ఆరు నెలలే రాస్తానన్నారు. ఈలోపు గ్రూపులో ఇద్దరికి జమ, ఖర్చు, అప్పు పుస్తకం, తీర్మానాల పుస్తకం నేర్పారు. ఏడో నెల బతిమాలినా పెన్ను పట్టుకోలేదు. "మీ డబ్బు లెక్క మగాడి చేతిలో ఉంటే అది మీ డబ్బు కాదు" అన్నారంట. ఏడు గంటలకి మీటింగంటే ఏడుకే. ఆలస్యంగా వస్తే సొంత మరదలికైనా చివాట్లే. ఆ మరదలు మా అత్తగారే లెండి!

1996 నవంబరు తుఫాను తర్వాత కుర్రాళ్లని వెంటేసుకుని దారికడ్డం పడిన చెట్లు కొట్టించారు. చేతి పంపు పాడైనా, పంచాయతీ మోటారు ఆగినా రెంచీ పట్టుకుని ఆయనే వచ్చేవారు. ఇవన్నీ ఊరికి గుర్తే.

నేను ముఖ్యంగా చెప్పాల్సింది మాత్రం ఆయన పోయిన తర్వాతి సంగతి. పదకొండో రోజు కార్యం అయ్యాక పెద్దత్తయ్యగారు బీరువాలోంచి ఒక రేకు పెట్టె తీశారు. అందులో పింఛను ఆర్డరు, డిశ్చార్జి పుస్తకం, ఇద్దరి పేరు మీదున్న బ్యాంకు పాసుబుక్కు, ఆధార్లు, పెళ్లి ఫోటో ఉన్నాయి. అన్నిట్లోనూ ఆవిడ పేరు, పుట్టిన తేదీ ఒక్కలాగే ఉన్నాయి. ఆయన బతికుండగానే దగ్గరుండి సరిచేయించారు. మరణ ధ్రువపత్రం రాగానే ఆవిడే బ్యాంకుకి, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లారు. నేను తోడెళ్లానంతే. ఫారాల మీద సంతకాలు ఆవిడే చూసుకుని పెట్టారు. కుటుంబ పింఛను వచ్చింది. అది ఆయన పింఛను కన్నా తక్కువే, ఆఖరి జీతంలో 30 శాతం లెక్కన ఇస్తారు. అయినా ఆవిడ ఎవరి ముందూ చెయ్యి చాపక్కర్లేదు.

మాకు తెలిసిన ఇంకో ఆవిడ ఉన్నారు. ఆవిడ భర్తా మిలిటరీలో చేసినాయనే. కాగితాల్లో ఆవిడ ముద్దుపేరు రాయించారు, ఆధార్లో అసలు పేరుంది. ఆ రెండు పేర్లూ ఒక మనిషివేనని రుజువు చెయ్యడానికి ఏడాదిన్నర తిరిగారు. ఈలోపు మన సంఘం అప్పు మీదే ఇల్లు గడిచింది.

ఈ బాధ మిలిటరీ వాళ్ల ఇళ్లకే కాదండి. మనందరం 20 రూపాయల ప్రమాద బీమా, 436 రూపాయల జీవన జ్యోతి బీమా కడుతున్నాం. ఒక్కోదాంట్లో 2 లక్షలు వస్తాయి. నామినీగా ఎవరి పేరుందో మనలో ఎంతమందికి తెలుసు? పట్టాదారు పాసుపుస్తకంలో, రేషన్ కార్డులో, ఆధార్లో మన పేరు ఒక్కలాగే ఉందో లేదో ఎప్పుడైనా పక్కపక్కన పెట్టి చూసుకున్నామా?

అందుకే మా గ్రామ సంఘం ఒక తీర్మానం రాసుకుంది. వచ్చే నెల ప్రతి గ్రూపూ ఒక మీటింగు దీనికే పెట్టాలి. సభ్యులందరూ కాగితాలు తెచ్చుకోవాలి. చదువొచ్చినవాళ్లు రానివాళ్లకి చదివి చెప్పాలి. తేడా ఉన్న పేర్లు పుస్తకంలో రాసి, సరయ్యేదాకా ప్రతి మీటింగులో అడగాలి. మన పంచసూత్రాల్లో పుస్తక నిర్వహణ ఎలాగూ ఉంది, ఇంట్లో కాగితాలు కూడా అందులోవే అనుకుందాం. మండలంలో అన్ని సంఘాలూ ఈ తీర్మానం చెయ్యాలని సమాఖ్యని కోరుతున్నాను.

పెద్దత్తయ్యగారు ఈ సభలోనే మూడో వరసలో కూర్చున్నారు. పింఛను కాగితాల్లో ఏ సందేహం ఉన్నా భోజనాల దగ్గర ఆవిడ్ని అడగండి, విసుక్కోకుండా చెబుతారు.